తెలుగులో అడిగిన ప్రశ్న

భాలుబాసా, జమ్‌షెడ్‌పూర్

అమ్మమ్మా, అందరం బాగున్నాం. ఫోనులో నీకు సరిగ్గా వినపడదని కార్డు రాస్తున్నాను.

కంపెనీల ఒప్పందాలు రాసే లా ఫర్మ్‌లో ట్రైనీ పోస్టుకి కోల్‌కతాలో ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాను. ఇంగ్లిష్‌లో అడిగినవన్నీ చెప్పాను. చివర్లో పెద్ద లాయరుగారు నా ఇంటిపేరు చూసి, తెలుగులో "మీ పెద్దోళ్లది ఏ ఊరమ్మా?" అన్నారు. అలవాటుగా హిందీలో జవాబిచ్చేశాను. ఆయన నవ్వి, "మా మనవలూ ఇంతే. వాళ్ల మాటలు సగం అర్థమవదు, ఊరికే తలూపేత్తాను" అన్నారు.

ఫలితం నెలాఖరుకి తెలుస్తుంది. నీ కంటి ఆపరేషను కట్టు విప్పారా? అక్షరాలు పెద్దవిగా రాశాను, తప్పులు అమ్మ దిద్దింది. మామయ్యకు నమస్కారాలు.

నాతో మాట్లాడేటప్పుడు నువ్వూ తలూపేదానివి. నా హిందీ నీకెంత అర్థమయ్యేదో ఏనాడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, నిజం రాయించు.

నీ పాదాలకు మొక్కుతూ,
కల్యాణి