పారే చాక్లెట్‌పై కుటుంబ తీర్మానాలు

జూన్ 10, సోమవారం

అక్క బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి క్యాటరింగ్ మొదలుపెట్టింది. మొదటి ఆర్డర్ శుక్రవారం: ఒక పళ్ల డాక్టరమ్మ క్లినిక్ ప్రారంభోత్సవం. ఆవిడ కోరినది చాక్లెట్ ఫౌంటెన్, అంటే కరిగిన చాక్లెట్ అంతస్తుల మీదుగా ధారగా పారే యంత్రం. ముందుచూపు గల వైద్యురాలు.

ఇది చెడిందంటే శనివారం వెళ్లి రాజీనామా వెనక్కి తీసుకుంటానని అక్క చెప్పింది. మేనేజరు అందాకే గడువిచ్చాడట.

మా ఇంట్లో కర్టెన్ల రంగు కూడా ఓటింగుతోనే తేలుతుంది. కనుక చాక్లెట్ ఎంపికకు ఒక సంఘం ఏర్పడినది. రాజనీతిశాస్త్రంలో పట్టా ఉన్నవాణ్ణి కాబట్టి అధ్యక్షత నేనే స్వీకరించాను. పోటీ లేదు.

జూన్ 11

రుచి పరీక్ష. డార్క్ చాక్లెట్‌ను అమ్మ కషాయమంది. జ్వరమొస్తే చూద్దాంలే అని పక్కన పెట్టింది. మామయ్య అన్నీ రెండేసిసార్లు తిని, ఇంకా ఒక అభిప్రాయానికి రాలేకపోతున్నానన్నాడు. చివరకు బాదంపలుకుల మిల్క్ చాక్లెట్ భారీ మెజారిటీతో గెలిచింది.

కరిగితే ఎలా ఉంటుందో ఎవరైనా చూశారా అని అక్క అడిగింది. ఎజెండాలో లేని అంశం.

జూన్ 12, సాయంత్రం 7

ట్రయల్. బాదంపలుకులు ఫౌంటెన్ మరలో ఇరుక్కున్నాయి. మెషీన్ మూలిగి ఆగిపోయింది. వడకట్టి మళ్లీ పోశాం. ధార కట్టలేదు, ముద్దలు ముద్దలుగా జారిపడింది. పలచబడుతుందన్న పూర్తి విశ్వాసంతో అరగ్లాసు పాలు పోయించాను. మొత్తం బిగుసుకుపోయింది. దీంతో ప్రహరీగోడ కట్టుకోవచ్చురా అని అమ్మ అంది. మామయ్య ఆ గోడను కూడా రుచి చూశాడు.

అక్క నవ్వలేదు. బ్యాంకు ఐడీ కార్డు ఎక్కడ పెట్టానో చూశావా అని మాత్రం అడిగింది. నేను చూడలేదన్నాను. చూశాను.

జూన్ 13, ఉదయం

సంఘం పరిశీలనాంశాన్ని రుచి నుండి జారుడుకు మార్చడమైనది.

అదే రోజు, సాయంత్రం

నోటితో కాదురా తమ్ముడూ, గరిటెతో ఓటెయ్యాలి అంది అక్క. ఒక్కొక్కటీ కరిగించి, గరిటెతో ఎత్తి వదిలాం. కోకో బటర్ అనే కొవ్వు ఎక్కువున్న రకం ఒక్కటే తెగకుండా, సన్నగా, పట్టు రిబ్బన్‌లా దిగింది. పాలు లేవు, పలుకులు లేవు. రుచిలో అది మూడోది కదా అని మామయ్య అసమ్మతి తెలిపాడు. గరిటె నాకి, ఉపసంహరించుకున్నాడు.

ఫలితం నేను మొదటినుంచీ ఊహించినదే.

జూన్ 14, శుక్రవారం

మూడంతస్తుల మీదుగా ధార ఎక్కడా చిరగలేదు. డాక్టరమ్మ రెండుసార్లు బాహాటంగా ఫౌంటెన్ దగ్గరికి వచ్చింది. మూడోసారి మాస్కు పెట్టుకుని వచ్చి, ప్లేటు పట్టుకెళ్లింది. వచ్చే నెల మా అమ్మాయి పుట్టినరోజుకూ మీరే రావాలమ్మా అని వెళ్తూ వెళ్తూ అక్కతో అంది.

జూన్ 15, శనివారం, ఉదయం 10

బ్యాంకు తెరిచే ఉంటుంది. అక్క ఇంకా నిద్ర లేవలేదు. ఎవరూ లేపరాదని తీర్మానించాం.