తిన్నవా అన్నా?

రమా,

నిన్న సాయంత్రం మన స్ఫూర్తికి మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. రోగితో మాట్లాడి చూపించాలట. ఈ ఉదయం దుబాయిలో మన సత్వా పేట మేడలు పొగమంచులో తేలుతుంటే, ఇంట్లో దాని సాధన కోసం నేను రోగినయ్యాను.

"కడుపుల నొస్తుంది డాక్టరమ్మా."

ముందు తన పేరు చెప్పాలని కోచింగులో నేర్పారు. స్ఫూర్తి అది మరిచి, "తిన్నవా అన్నా?" అంది.

"నాయినను అన్నా అంటవా?"

"నువ్వు పేషెంటువి, సప్పుడు చెయ్యకు."

జెబెల్ అలీ క్లినిక్‌లో నర్సుగా నువ్వు ప్రతి కూలీనీ మొదట అడిగే మాట అది. నువ్వు కన్నుమూసేనాటికి దానికి నాలుగేళ్లు. నువ్వలా అడిగేదానివని నేనెప్పుడూ చెప్పలేదు.

"మార్కులు పోతయి బిడ్డా" అన్నాను.

ఇంటర్వ్యూ రేపు ఉదయం తొమ్మిదికి, ఇంగ్లీషులో. పేరు చెప్పాక, తిన్నవా అనే అడుగుతుందట.