సీలు విప్పని విప్లవం

మార్చి 3
విప్లవ చరిత్ర ఆరో సంపుటం వచ్చింది. లెదర్ బైండింగ్, బంగారు అక్షరాలు, లోపల రచయిత సంతకం. సంతకం ఉందని పెట్టె మీద రాసి ఉంది, మేమెవరమూ చూడలేదు. ప్లాస్టిక్ సీలు విప్పితే అరుదైన పుస్తకాలు సేకరించేవాళ్ళ దృష్టిలో అది పాత పుస్తకమేనట. మా ఆయన తెల్ల గ్లోవ్స్ వేసుకుని షెల్ఫ్‌లో పెట్టారు. నాకు జ్వరం వస్తే నుదురు కూడా అంత సుతారంగా తాకలేదు.

మార్చి 4
మామయ్యగారు ఆ పుస్తకం అడిగారు. వంతెన మీద కాల్పుల సంగతి ఈ సంపుటంలోనే ఉంది. ఆ రోజు ఆయన అక్కడున్నారు. పక్కన నిలబడ్డ స్నేహితుడు, కరపత్రాలకు అచ్చక్షరాలు కూర్చిన కంపోజిటర్, చనిపోయాడు. అతని పేరు ఉందో లేదో చూడాలట. అంతే.

మా ఆయన కుదరదన్నారు. మామూలు కాపీ రెండు నెలల్లో వస్తుంది, తెచ్చిస్తాను నాన్నా, అప్పటిదాకా ఆగలేవా అన్నారు. మామయ్యగారికి వచ్చే వారం కంటి ఆపరేషన్. చూపు నిలుస్తుందో లేదో డాక్టరు చెప్పలేనన్నాడు. ఆ మాట డాక్టరు మా ఆయన ఎదురుగానే అన్నాడు.

మార్చి 6
మళ్ళీ అదే గొడవ. కాపీ రాగానే నేనే చదివి వినిపిస్తానుగా అన్నారు మా ఆయన. వినడానికేంరా, అప్పట్లో రేడియో కూడా చాలా చెప్పింది అన్నారు మామయ్యగారు. నాకు నవ్వొచ్చింది.

విప్లవం మీద గౌరవంతోనే కొంటున్నానని మా ఆయన వాదన. గౌరవానికి కవరెందుకని అడిగాను. నువ్వు వార్తలు రాసే పేపరు సాయంత్రానికల్లా పొట్లాలకు పోతుంది, నీకేం తెలుస్తుందన్నారు. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే ఎత్తిపొడుపు. కొత్తదొకటి వెతుక్కోవచ్చు కదా.

మార్చి 7
షెల్ఫ్‌కి తాళం వేశారు. తండ్రి ఉన్న ఇంట్లో.

మార్చి 9, ఉదయం
తాళంచెవి సాక్సుల డబ్బాలో దొరికింది. మంత్రుల ఫైళ్ళ ఆచూకీ తీసినదాన్ని, ఇదో లెక్కా? మా ఆయన ఆఫీసుకు వెళ్ళగానే సీలు కత్తిరించాను. నేనే. మామయ్యగారు కాదు.

ఆయన భూతద్దంతో ఒక్కో వరుసా చూశారు. వంతెన ఉంది. కాల్పులు ఉన్నాయి. కంపోజిటర్ చోట ‘గుర్తు తెలియని యువకుడు’ అని ఉంది. వేలు చాలాసేపు అక్కడే ఉంచారు. గుర్తు తెలియకపోవడమేంటమ్మా, వాడు వేసుకున్నది నా చొక్కాయే కదా అన్నారు. పెన్ను అడిగితే ఇచ్చాను. పక్కన మార్జిన్‌లో పేరు రాసి, కింద సంతకం చేశారు. ఇంట్లో ఎప్పుడూ కంపోజిటర్ అనే విన్నాను. అసలు పేరు ఇవాళ తెలిసింది.

సాయంత్రం
మా ఆయన ఇల్లెగిరిపోయేలా అరిచారు. ఎంత పాడయిందో అడగడానికి పుస్తకం పట్టుకుని, అది అమ్మిన షాపాయన దగ్గరికి పరిగెత్తారు. తిరిగొచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. విప్లవంలో ఉన్న మనిషి చేతిరాత అపురూపమట. మిగతా ఐదింటిలోనూ రెండేసి ముక్కలు రాసి సంతకం పెట్టు నాన్నా అని బతిమాలుతున్నారు. ఈ మనిషితో ఇన్నాళ్ళు ఎలా వేగాను?

మామయ్యగారు పెన్ను మూత పెట్టేశారు. ముందు నువ్వు చదువు, అందులో ఏముందో నాకు చెప్పు, అప్పుడు చూద్దాం అన్నారు.

మార్చి 11
రేపు ఆపరేషన్. హాల్లో మా ఆయన మొదటి సంపుటం సీలు విప్పి పైకి చదువుతున్నారు. పేజీ పేజీకీ మామయ్యగారు అడ్డుపడుతున్నారు, అబద్ధం, అబద్ధం అని. ఈ గోలలో నా వార్త ముందుకు సాగడం లేదు. నా గది తలుపు మాత్రం వేసుకోలేదు.