అశ్విని కార్డు జొన్నల డబ్బాలో ఉంది

అశ్వినీ, గొర్లను తోలుకొని దౌల్తాబాద్ దిక్కు పోతున్నాను. మంగళవారం గానీ రాను. నీ బ్యాంకు కార్డు పోస్టులో వచ్చింది. కవరు చింపకుండా జొన్నల డబ్బాలో పెట్టాను. రేపు తాండూరు పోయి ఏటీఎంలో నంబరు పెట్టుకో. ఆ నంబరు ఎవ్వరికీ చెప్పకు, నాకు కూడా. ఏదో ముచ్చట మధ్యలో ఊరందరికీ చెప్పేస్తాను.

ఖాతా తెరిచిన రోజు బ్యాంకు సారు, "ఇగ పిల్ల నిన్ను పైసలడిగే పని లేదు తాతా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. నా ఫికరే అది. ఇన్నాళ్లూ వికారాబాద్ హాస్టల్‌కు పోయేముందు ఖర్చులకు కావాలంటే నా కథ వినాల్సిందే కదా. "జల్ది చెప్పు తాతా, బస్సు పోతది" అని గునిసేదానివి. మన పొట్టేలు రైలెక్కి, టికెట్ అడిగిన టీసీతో కన్నడంలో కొట్లాడిన ముచ్చటను అందుకే రెండేళ్లు సాగదీశాను. మిషన్ ముందు ఎవరి కథా వినక్కరలేదు. మంచిదేలే.

కందిపప్పు వండి పెట్టాను. వేడి చేసుకొని తిను.

దేవప్ప తాత

కార్డు పనిచేయకపోతే నన్నడుగు. పనిచేసినా జర అడుగు బిడ్డా.