పన్నెండో గుంట

నేరేడ్‌మెట్, సోమవారం

వడ్రంగి బ్రహ్మచారి గారికి సీతామహాలక్ష్మి నమస్కారాలు.

మౌలాలిలో పాత సామాన్ల షాపులో కొన్న టేకు బీరువాని మా తమ్ముడు ఉదయ్ భాస్కర్ మీ దుకాణంలో దింపాడు కదా. అది మా దేవుడి గదికి. పాత పాలిష్ గీకి కొత్తది వెయ్యండి. కదిలే కాలు బిగించండి. పై అరలో పన్నెండు గుండ్రటి గుంటలున్నాయి. వాటిని ముట్టుకోవద్దు. శుక్రవారం ఉదయం పూజ.

ఇట్లు,
సీతామహాలక్ష్మి

తా.క. శుక్రవారం దాకా నాకు మౌనవ్రతం. ఫోన్ చెయ్యకండి. ఎత్తినా పలకను.

బోయిగూడ, మంగళవారం

సీతక్కకు బ్రహ్మచారి దండాలు.

కాలు బిగించిన. ఆ గుంతలు మాత్రం మంచిగ లేవక్కా. చెక్క బిళ్ళలు కొట్టి మూసేస్త. దానికి పైసలొద్దు. ఎందుకని అడుగొద్దు.

మీ
బ్రహ్మచారి

తా.క. వ్రతంల ఉన్నోళ్ళకు చెప్పే ముచ్చట కాదు.

నేరేడ్‌మెట్, మంగళవారం సాయంత్రం

బ్రహ్మచారి గారికి,

మూయవద్దు. కారణం మీరూ చెప్పలేదు, నేనూ చెప్పను. మంచి టేకు తీసి వేరే చెక్క పెడుతున్నారేమోనని తమ్ముడి అనుమానం. నాకు లేదు. అయినా రేపు వాడు మీ దుకాణంలో కూర్చుంటాడు.

నమస్కారాలతో,
సీతామహాలక్ష్మి

తా.క. మౌనవ్రతం నాదే. వాడిది కాదు.

బోయిగూడ, బుధవారం

అక్కా, శరణు.

మీ తమ్ముడు పొద్దటి సంది స్టూలు మీదనే ఉన్నడు. నాలుగు చాయ్‌లు తాగి, నన్ను రెండుసార్లు దొంగ అన్నడు. ఇగ దాచలేను. వెనక పలక గీకితే ఇంగ్లీషు అక్షరాలు తేలినయ్. ఆఫీసర్ల మెస్సు, బార్ అని. ఆ గుంతలు మందు సీసాలు నిలబెట్టేటివి. ఉలికి దండం పెట్టి పని షురూ చేసెటోణ్ణి, దేవుణ్ణి అండ్ల ఎట్ల కూసోబెట్టాలె? ఆయన ఫోన్ జూస్తుంటే పదకొండు మూసిన. పన్నెండోది రేపు పొద్దుగాల మూస్త. పాపమైతే నాకే రానీ.

మీ
బ్రహ్మచారి

తా.క. కవరు ఆయన చేతికే ఇస్తున్న. చదవకుండ దానికి చెక్క జిగురు పెట్టిన.

నేరేడ్‌మెట్, గురువారం తెల్లవారుజామున

బ్రహ్మచారి గారికి,

మీ కవరు తెరవడానికి కత్తిపీట కావలసి వచ్చింది. నాలుగుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను. ఇది పక్కింటి దేవానందం గారి స్కూటరు మీద పంపుతున్నాను. మీ ఉలి కంటే ముందు చేరాలని దేవుణ్ణి అడుగుతున్నాను.

అది బార్‌ది అని నాకు తెలుసు. ఆ మెస్సులో సీసాలు అందించింది మా నాన్నగారు. ఆయన ఒక్క చుక్క ముట్టలేదు. రోజూ సాయంత్రం బార్ తలుపులు తీసేముందు మూలనున్న ఆ పన్నెండో గుంటలో దీపం పెట్టి మా ఐదుగురు పిల్లల పేర్లూ చెప్పుకునేవారు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు క్యారేజీ తీసుకెళ్ళి చూశాను. అడుగున కాలిన నల్లమచ్చ ఉంటుంది, వేలితో తడమండి. షాపులో బీరువాని దాన్ని చూసే గుర్తుపట్టాను. మచ్చ మీద పాలిష్ కూడా వద్దు.

ఇట్లు,
సీతామహాలక్ష్మి

తా.క. నాన్న మెస్సు లైబ్రరీలో చేసేవారని చెప్పి తమ్ముణ్ణీ చెల్లెళ్ళనీ పెంచాను. నేను ఆడిన అబద్ధం అదొక్కటే. కాపాడండి.

బోయిగూడ, గురువారం మధ్యాహ్నం

సీతక్క పాదాలకు,

స్కూటరు వచ్చేటాలకు ఉలి చేతిలనే ఉన్నది. మచ్చ చూసిన. ఉలి కింద పెట్టి చేతులు కడుక్కొని వచ్చి మళ్ళ చూసిన. కొట్టిన పదకొండు బిళ్ళలు ఊడదీసిన. వెనక పలక మీది అక్షరాల మీద నల్లరంగు కొట్టిన. రాత్రికల్ల మీ ఇంట్ల ఉంటది.

మీ తమ్ముడు
బ్రహ్మచారి

తా.క. ఇయ్యాల గూడ వచ్చి కూసున్న ఉదయ్ భాస్కర్ సార్ ఆ మచ్చ ఏందని అడిగిండు. ఇది ఏదో లైబ్రరీలది, కరెంటు పోతే అండ్ల దీపం పెట్టెటోళ్ళని చెప్పిన. "మా నాన్నగారూ లైబ్రరీలోనే చేశారండీ" అని స్టూలు దగ్గరకు జరుపుకున్నడు. గంట సంది ఆయన చదివిన బుక్కుల ముచ్చట్లే. నేను ఊఁ కొడుతున్న.