అమ్మ పరిచిన మూల

దొరబాబు బావకి,

ఇంట్లో అందరం బాగానే ఉన్నాం, నువ్వు వేసిన వాకిలి ఒక్కటే బాగోలేదు.

నా ఫోన్ ఎత్తడం మానేశావు. అందుకే ఈ ఉత్తరం అక్క చేతికిచ్చి పంపుతున్నాను, చదవక తప్పదు. మొదటి వానకే పేవర్ టైల్స్ సగం కుంగిపోయాయి. కింద పోసిన కంకరంతా ఇసుకలోకి దిగిపోయింది. నిన్న చేపల గంపతో వస్తూ అమ్మ ఆ గుంటలో పడింది. చీలమండ వాచిపోయింది. పైగా "అల్లుణ్ని ఏటీ అనకు" అని నన్నే తిడుతోంది.

సీతమ్మధార ఎర్రమట్టిలో నీ పని గట్టిదే, కాదనను. ఇది సముద్రపు ఇసుక బావా! మొదటిరోజే అమ్మ చెప్పింది: "కంకరకి ముందు పాత వల పరిసెయ్ బాబూ. బండి దిగబడే సోట మేం అలాగే సేత్తాం." నువ్వు పగలబడి నవ్వావు. "ఇక్కడ సేపలు పడతామేటత్తా?" అన్నావు.

నువ్వు కంకర పోసేలోపే ఆవిడ, తను చేపలు ఎండబెట్టుకునే మూలన మాత్రం వల పరుచుకుంది. ఇవాళ్టికీ కదలనిది ఆ మూలే. ఏ వలా అని నిన్న ఒక టైలు లేపి, కంకర తోడి చూశాను. నాన్నది. ఆయన పోయాక అటకమీద దాచి, మమ్మల్నెవరినీ ముట్టుకోనివ్వని వల.

"ఇదెందుకేశావమ్మా?" అని అరిచాను.

"అల్లుడి పని ఒక్క మూలైనా నిలబడాలి కదేటి" అంది.

ఆదివారం రా. రేవులో పాత వలలు అడిగి ఉంచాను. మిగతా వాకిలంతా లేపి మళ్ళీ వెయ్యి. ఆ మూల మీద మాత్రం చెయ్యి వేయకు.

నీ బావమరిది