ఏడ్చేవాళ్లు లేని నవల

చెల్లీ, నేను కులాసా. ఇది నాయనమ్మకు పైకి చదివి వినిపించు.

ల్యాబులో నా పక్క సీటు అక్క "చదివితే వణికిపోతావే" అని ఓ హత్యల నవల ఇచ్చింది. ఎంతో ఆశగా చదివాను. ఆరుగురు చచ్చారు, ఒక్కరి కోసమూ ఎవరూ ఏడవలేదు. నాయనమ్మ కథలో దొంగ చచ్చినా సరే, ఆగి, "వాడికి ఇంట్లో ఎవరున్నారే?" అని మనల్నే అడిగేది. మనం వాడికో అమ్మనో, కుంటి మేకనో ఇచ్చేదాకా కథ కదిలేది కాదు.

పడవదొంగ కథ చివర ఏమైందో అడిగి, ఆవిడ మాటల్లోనే రాసి పంపు. నువ్వు దిద్దకు. ఈ ఒక్క ముక్క మనసులో చదువుకో: ఆవిడ పేర్లు మరిచిపోతోందన్నావు, నాకు భయంగా ఉంది.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా?

నాయనమ్మా, చెల్లి చెయ్యి నొప్పంటుంది, పట్టించుకోకు. నిదానంగా, అంతా చెప్పు. నీ కాళ్లకు దండాలు.